పగలకూడని గాజు

ఆ ఉదయం ప్రయోగశాలలో దూలం చెప్పాపెట్టకుండా పగిలిపోయింది.

పగలడం వింతేమీ కాదు. పగలగొట్టడానికే దాన్ని పోతపోశారు. రెండు ఇనుప దిమ్మెల మీద పడుకోబెట్టి, నడుము మీద జాకీతో నొక్కి వదిలి, నొక్కి వదిలి, రాత్రనక పగలనక లక్షల సార్లు అదే చేస్తూ పోతారు. ఒక్కసారి వేస్తే కాంక్రీటు దూలం నవ్వుతూ మోసేసే బరువే అది. దాన్నే మళ్లీ మళ్లీ వేసి, మధ్యమధ్య కాస్త ఊపిరి పీల్చుకోనిచ్చి, మళ్లీ వేస్తే ఎన్నాళ్లకు ప్రాణం పోతుందో చూడటం ఆమె ఉద్యోగం. మనుషులతో ఆ పని చేసేవాళ్లను మనం ఆఫీసర్లంటాం. దూలాలతో చేసేవాళ్లకు డాక్టరేటు ఇస్తారు.

ఆమెకూ ఇచ్చారు. అది వచ్చిన రోజు నుంచీ వాళ్ల బావ ఆమెను 'దూలాల డాక్టరు' అనే పిలుస్తాడు. "మా మరదలు నాడి చూసిందంటే గోడ కూడా నాలుక బయటపెట్టాల్సిందే" అని వచ్చినవాళ్లందరికీ చెప్పి పడీపడీ నవ్వుతాడు. వినీ వినీ ఇంట్లో అందరూ ఆమెను డాక్టరు అనడమే అలవాటు చేసుకున్నారు.

డాక్టరును కలవరపెట్టింది దూలం పగలడం కాదు, పగిలిన తీరు. దూలాల అలసటలో ఒక మాయ ఉంది. కొత్తలో సన్నసన్న పగుళ్లు వస్తాయి, దూలం కొంచెం కుంగుతుంది, చూసినవాళ్లు కంగారుపడతారు. ఆ తరవాత చాలాకాలం ఏమీ జరగదు. కుంగు చూపించే ముల్లు ఉన్నచోటే ఉంటుంది. అమ్మయ్య, సర్దుకుందిలే అనిపిస్తుంది. సరిగ్గా ఆ కాలంలోనే లోపలి ఇనుప చువ్వలు వెంట్రుకవాసి చొప్పున కోసుకుపోతుంటాయి. ఎప్పుడో ఒక చువ్వ తెగుతుంది. దాని బరువు పక్కదాని నెత్తిన పడుతుంది. ఇక ఆపైన మనం కుర్చీలోంచి లేచేంత వ్యవధి కూడా ఉండదు.

"ఇది ఈ వారం పగలకూడదే!" అంది ఆమె, రెండుగా వాలిన దూలాన్ని చూస్తూ.

"పగిలిందిగా" అన్నాడు టెక్నీషియన్ చీపురు అందుకుంటూ. పగిలినవాటిని ఊడ్చి ఊడ్చి ఆయనకు వేదాంతం అబ్బింది.

ఆమెకు మాత్రం అక్క పనిచేసే గది కళ్ల ముందు ఆడింది. ఇక అక్కడ నిలవబుద్ధి కాలేదు.

అక్కా బావలకు ప్రెస్సు ఉంది. రెండంతస్తుల పాత కట్టడం. పైన అచ్చు యంత్రాలు, కింద బైండింగు గది. పైభాగం బావ రాజ్యం, కిందిది అక్కది. అక్క చేతి కింద డజనుమంది ఆడవాళ్లు బల్లల చుట్టూ కూర్చుని అచ్చయి వచ్చిన ఫారాలు మడుస్తారు, కుడతారు, జిగురు పూస్తారు. పుస్తకాలు మునుపటంత రావడం లేదని బావ అట్టపెట్టెలు చేయడం మొదలుపెట్టి, వాటికోసం ఒక పెద్ద మిషను కొని పైకెక్కించాడు. బల్లంత ఇనుప పలక వచ్చి అట్ట మీద ధన్‌మని పడుతుంది, లేస్తుంది, మళ్లీ పడుతుంది. పడ్డప్పుడల్లా కింద బల్లల మీద జిగురు గిన్నెలు ఉలిక్కిపడతాయి.

పోయిన ఏడాది అక్క మోకాలి నొప్పి చూద్దామని వెళ్లిన డాక్టరు, గది మధ్యలో తల ఎత్తి చూసి మోకాలి సంగతే మరిచిపోయింది. సరిగ్గా ఆ మిషను కింద, దూలం అడుగున, ఒక పగులు అడ్డంగా వచ్చి రెండువైపులా పైకి పాకుతోంది. బావతో ఎంతసేపు వాదించిందో! మిషను కిందికి దించమంటే ఒంటికాలి మీద లేచాడు. చివరికి ఒక ఒప్పందానికి వచ్చారు. పగులు మీదుగా సన్నటి గాజుపట్టీలు రెండు సిమెంటుతో అతికించి వెళ్తుంది. పగులు కదలకపోతే గాజుకు ఏమీ కాదు. అది రవ్వంత పెరిగినా గాజు ఊరుకోదు, పుటుక్కుమంటుంది. ఇంతకంటే నమ్మకమైన కాపలాదారు లేడు, పైగా జీతం అడగడు.

నిచ్చెన దిగుతూ అక్కతో ఆమె చెప్పింది ఒక్క మాట. "ఈ గాజు పగలకూడదక్కా. పగిలిందా, కొంప మునుగుతుంది."

"సరేలేవే" అంది అక్క.

అప్పటినుంచీ ఫోను చేసినప్పుడల్లా అడుగుతూనే ఉంది. "గాజు ఎలా ఉంది?" అంటే, "నిక్షేపంలా ఉంది" అనేది అక్క. డాక్టరు హాయిగా ఊపిరి పీల్చుకునేది. ఇవాళ ఆ మాట చాలదనిపించింది. ప్రయోగశాలలో ముల్లు కూడా నిన్నటిదాకా నిక్షేపంలాగే ఉంది మరి.

ఆమె ప్రెస్సుకు చేరేసరికి మధ్యాహ్నం పని జోరుమీద ఉంది. వీధిలోకే వినిపిస్తోంది ధన్... ధన్... అని. బైండింగు గదిలో ఆడవాళ్లు ఆ చప్పుడుకు తగ్గట్టు గొంతులు పెంచి కబుర్లాడుకుంటున్నారు. పైనుంచి కట్టలు దించడానికి పై గది నేలలో కోసిన చదరపు కంతలోంచి వెలుగు పడి, అందులో కాగితపు నుసి తేలుతోంది. ఆ గదిలో నుసి పట్టని వస్తువు లేదు. బల్లలు, ఫ్యాను రెక్కలు, మనుషుల కనుబొమలు అన్నీ తెల్లగానే ఉన్నాయి.

అక్క కళ్లద్దాలు నుదుటి మీదికి నెట్టుకుంటూ ఎదురొచ్చింది. "ఏమే, చెప్పకుండా ఊడిపడ్డావు? భోంచేశావా?"

"గాజు చూసి పోదామని."

"నీకు నాకంటే ఆ గాజే ఎక్కువ. చూసుకో తల్లీ, కడిగిన ముత్యంలా ఉంది."

డాక్టరు నిచ్చెన వేసుకుని ఎక్కింది. అక్క అన్నమాట నిజమే. పట్టీలు రెండూ పగుళ్లు లేకుండా, మరక లేకుండా తళతళలాడుతున్నాయి. పక్కనే దూలానికి తెల్లగా నుసి అంటుకుని ఉంది. పట్టీల మీద రవ్వంత కూడా లేదు. వాటి అంచున సిమెంటు లేదు, పసుపుపచ్చని జిగురు ఉంది. ఆమె గోరుతో ఒక పట్టీని తట్టింది. గాజు మోత రాలేదు. టప్‌టప్‌మని మెత్తగా పలికింది.

"అక్కా, ఇది గాజు కాదు."

"అదేనే నీకు చెప్పి మెప్పు పొందుదామనుకున్నాను" అంది అక్క కింద నిచ్చెన పట్టుకుని, మొహం ఇంత చేసుకుని. "నీ గాజు వట్టి సుకుమారం. నువ్వు వెళ్లిన నెల తిరక్కుండానే టప్పుమంది. పగలకూడదన్నావు కదా! వెంటనే అద్దాల కొట్టుకు పంపి ఇంకోటి తెప్పించి అతికించాను. అదీ పోయింది. ఈసారి మందంది తెప్పించాను. కొన్నాళ్లు ఆగి అదీ పోయింది. ఒక్కపూట ఖాళీగా ఉంచితే ఒట్టు! చివరికి విసుగొచ్చి ఈ ప్లాస్టిక్ పట్టీ వేసి, మన అట్టల జిగురు దట్టంగా పట్టించాను. ఇది చూడు, ఎంత కొట్టినా చెక్కుచెదరడం లేదు."

డాక్టరు నిచ్చెన మీద ఉన్నానన్న సంగతి గుర్తుచేసుకుని దాన్ని గట్టిగా పట్టుకుంది.

అక్క తెలివితక్కువది కాదు. పాతికేళ్లుగా చిరిగిన కాగితానికి పట్టీ వేసి బతికించడం ఆమె పని. చినుగు మీద అడ్డంగా ఒక పట్టీ అతికించారంటే అది చినుగును పట్టి ఆపడానికే. ఇంకెందుకు అతికిస్తారు? పట్టీ తెగితే ఇంకా గట్టి పట్టీ వేస్తారు. బైండింగు తెలిసిన ఏ మనిషైనా అదే చేస్తుంది. పగలకూడదు అన్న మాటను ప్రయోగశాలలో ఒకలా వాడతారు, బైండింగు గదిలో ఇంకోలా వింటారు. చదువుకున్న చెల్లెలు ఆ రెండింటి మధ్య ఒక్క ముక్క వివరంగా చెప్పి ఉంటే సరిపోయేది. చెప్పలేదు. కాపలాదారు మూడుసార్లు కేకపెట్టి ప్రాణం విడిచాడు, ప్రతిసారీ అక్క శవాన్ని తీసేసి శుభ్రంగా ఇంకొకణ్ణి నిలబెట్టింది.

పైన మిషను పడింది. కళ్ల ఎదుటే పగులు నోరు తెరిచి, తుప్పు రంగు పొడి చిటికెడు రాల్చి, మూసుకుంది. మళ్లీ పడింది, మళ్లీ తెరుచుకుంది. ప్లాస్టిక్ పట్టీ హాయిగా సాగి, హాయిగా ముడుచుకుంటోంది.

"అందరూ బయటికి నడవండి" అంది డాక్టరు నిచ్చెన దిగుతూ.

"జిగురు కలిపి ఉందే, ఆరిపోతుంది" అంది అక్క.

"పోతే పోనీ! బయటికి పోవే!"

పుట్టి బుద్ధెరిగాక అక్కను ఆమె 'పోవే' అనడం అదే మొదలు. అక్క మొహం మాడిపోయింది. కానీ ఆ మాటకే గదిలో ఆడవాళ్లందరికీ విషయం అర్థమైనట్టుంది. ఒక్కొక్కరే లేచి, కొంగులకు చేతులు తుడుచుకుంటూ ఆవరణలోకి నడిచారు. అక్క వెనక్కి వెనక్కి చూస్తూ వెళ్లింది.

డాక్టరు కంత కింద నిలబడి గొంతు చించుకుని అరిచి, మిషను ఆపించింది. హోరు తగ్గింది. తిరిగే చక్రం మూలిగి మూలిగి నిలిచిపోయింది. ఆ గదిలో పగటిపూట నిశ్శబ్దం ఆమె ఎప్పుడూ వినలేదు, అది ఆమెకు నచ్చలేదు. టెక్నీషియన్‌కు ఫోను చేసి దన్నుపెట్టే ఇనుప స్తంభాలు ఎన్నుంటే అన్నీ వ్యానులో వేసుకుని రమ్మంది. ఆయన ఒక్క ప్రశ్న కూడా వేయకుండా బయలుదేరుతున్నానన్నాడు.

ఈలోగా బావ మెట్లు దిగి వచ్చాడు. చేతులు తుడుచుకుంటున్న గుడ్డ భుజాన వేసుకుని, ఎప్పట్లాగే నవ్వుతూ వచ్చాడు గానీ, నవ్వు కళ్లదాకా రాలేదు.

"ఏం డాక్టరు? సాయంత్రానికి పెట్టెలు పంపాలి, ఇక్కడ చూస్తే ఆవరణలో అందరూ పెళ్లివారిలా నిలబడ్డారు. ఎవరికి బాగాలేదు?"

ఆమె చెప్పింది. గాజు సంగతి, పట్టీ సంగతి, లోపల తెగుతున్న చువ్వల సంగతి అన్నీ చెప్పింది. అక్క తప్పేమీ లేదని రెండుసార్లు చెప్పింది. బావ విన్నాడు. వింటూనే నిచ్చెన ఎక్కి, జేబులోంచి కళ్లద్దాలు తీసి పెట్టుకుని, దూలానికి ముక్కు ఆనించి చూశాడు.

"ఎక్కడ?"

"అదిగో, పట్టీ కింద."

"ఇదా? వెంట్రుక కూడా దూరదు. నా మొహం మీద ఇంతకంటే పెద్ద గీతలున్నాయి."

నిజమే. మిషను ఆగగానే పగులు మూసుకుపోయింది. పెన్సిలుతో గీసిన సన్నగీతలా అమాయకంగా ఉంది.

"అది అలాగే ఉంటుంది బావా. మిషను కొడితే తెరుచుకుంటుంది, ఆగితే మూసుకుంటుంది. ఇందాక నా కళ్లారా చూశాను."

అన్నాక నాలుక కరుచుకుంది. బావ కళ్లద్దాల మీదుగా ఆమెను చూస్తున్నాడు. మొండివాడే గానీ చెడ్డవాడు కాదు. పాతికేళ్లు రెక్కలు ముక్కలు చేసుకుని ఈ ప్రెస్సు నిలబెట్టాడు. మూసేయమంటే, ఎందుకు మూయాలో తన కళ్లతో చూడాలనుకున్నాడు. అది తప్పని ఎవరంటారు?

"అయితే ఒక్కసారి కొట్టించి చూద్దాం. తెరుచుకుంటే ఇప్పుడే తాళం వేస్తాను, నువ్వు చెప్పినట్టే నడుచుకుంటాను. ఒట్టు."

"వద్దు బావా. మీకు దణ్ణం పెడతాను. ఒక్కసారి కూడా వద్దు."

"పొద్దుట్నుంచీ ఎన్ని వేలసార్లు పడిందో! ఇంకొక్కసారికే కూలిపోతుందా?"

దీనికి జవాబు ఆమెకు తెలుసు. జీవితమంతా ఈ ఒక్క ప్రశ్నకే జవాబు వెతికింది. ప్రతి దూలానికీ ఆ ఇంకొక్కసారి అనేది ఒకటి ఉంటుంది. అది ఏదో ముందుగా ఎవరికీ తెలియదు. ఇదంతా చెప్పడానికి ఆమె నోరు తెరిచేలోపే బావ నిచ్చెన దిగి, కంత వైపు తలెత్తి కేకవేశాడు. "ఒక్కసారి తిప్పవయ్యా! ఒకే ఒక్కసారి!"

"అలాగే సార్!" అన్నాడు పైనుంచి ఆపరేటరు.

మోటారు గుర్రుమంది. చక్రం వేగం పుంజుకుంటోంది. డాక్టరు బావ చెయ్యి పట్టుకుని గుంజింది. ఆయన కదల్లేదు. "ఉండవే, చూడనీ" అంటూ దూలం కింద తలెత్తి నిలబడ్డాడు. ఇంతలో మోటారు చప్పుడు విని అక్క గుమ్మంలోకి వచ్చింది. ఏడ్చిందేమో, ముక్కు ఎర్రగా ఉంది.

"ఏవండీ, అది చెబుతోంది కదా, వినకూడదా? నావల్లే ఇదంతా. బయటికి రండి" అంటూ గబగబా వచ్చి ఆయన చొక్కా పట్టుకుంది.

"అక్కా, నువ్వు రాకు!"

మిషను పడింది.

పగులు తెరుచుకుంది. ఈసారి చూడటానికి కళ్లద్దాలు అక్కర్లేకపోయింది. ప్లాస్టిక్ పట్టీ సాగి సాగి, ఒక పక్క జిగురు ఊడి, దూలానికి వేలాడింది. తుప్పు పొడి బావ మొహం మీద రాలింది. ఆయన నోరు తెరిచి డాక్టరు వైపు తిరిగాడు. ఆ చూపులో వెక్కిరింత లేదు, పెద్దరికం లేదు. నమ్మాడు. ఆమె జీవితంలో బావ ఆమె మాటను నమ్మడం అదే మొదటిసారి.

అప్పుడు దూలం లోపల తుపాకి పేలినట్టు ఒక చప్పుడైంది. చువ్వ తెగింది. దూలం అడుగునుంచి తలుపంత కాంక్రీటు పెచ్చు ఊడి కిందపడింది. బావ అక్కను నెట్టాడు. ఆమె బల్లకు కొట్టుకుని పడింది. పెచ్చు ఆయన తొడల మీద పడి ఆయన్ని నేలకు అదిమేసింది.

గది నిండా తెల్లటి దుమ్ము కమ్ముకుంది. దూలం నడుము వాలి, అలాగే ఆగింది. ఎందువల్ల ఆగిందో డాక్టరుకు తెలుసు. ఇంకా ఒకటో రెండో చువ్వలు పట్టుకుని ఉన్నాయి.

అక్క పాక్కుంటూ వచ్చి ఆ పెచ్చు కింద వేళ్లు దూర్చింది. "లేపవే! నువ్వూ ఓ చెయ్యి వెయ్యి!" డాక్టరు చెయ్యి వేసింది. ఇద్దరూ కలిసి ఎత్తితే బెత్తెడు కూడా లేవలేదు. బావ కళ్లు తెరిచే ఉన్నాయి. ఏదో చెప్పబోయి దుమ్ముకు దగ్గుతున్నాడు. మాట పెగలడం లేదు.

పైన ఆపరేటరుకు ఇదేమీ తెలియదు. మిషను పడితే నేల అదరడం అతనికి కొత్త కాదు, చువ్వ తెగిన చప్పుడు మిషను చప్పుడులోనే కలిసిపోయింది. మోటారు హోరు మీదుగా అతని గొంతు కంతలోంచి వినిపించింది.

"సార్! కనిపించిందా? ఇంకోసారి తిప్పమంటారా?"

డాక్టరు అరిచింది. అరుపు బదులు దగ్గు వచ్చింది. మళ్లీ అరవబోయింది, నోటి నిండా దుమ్ము. అక్క అరుస్తూనే ఉంది గానీ, ఆమె అరుస్తున్నది మొగుణ్ణి లేవమని. ఆవరణలో ఆడవాళ్లంతా ఒక్కసారిగా కేకలు పెడుతున్నారు. వాటన్నిటినీ మోటారు హోరు మింగేస్తోంది.

ఆ ప్రెస్సులో పనిచేసే అందరికీ ఒక అలవాటుంది. హోరులో అడిగిన ప్రతిదానికీ జవాబు వినపడదు కదా, అందుకని వద్దంటేనే ఆగుతారు. కిందినుంచి ఏ మాటా రాకపోతే కానివ్వమని అర్థం. ఆ సంగతి గుర్తుకు రాగానే డాక్టరు చేతిలోని పెచ్చు వదిలేసింది. అక్క మొహంలోకి చూడలేదు. చూస్తే వదలలేకపోయేది.

"ఎక్కడికే? ఒసేయ్, వదిలేసి ఎక్కడికే!" అని అక్క వెనకనుంచి అరుస్తుండగానే మెట్ల వైపు పరిగెత్తింది. చెప్పు జారింది. దాన్ని వదిలేసి, రెండేసి మెట్లు ఎక్కుతూ, గోడ పట్టుకుని మలుపు తిరిగింది. పై గది గుమ్మం కనిపించింది. గుమ్మంలోంచి ఆపరేటరు వీపు కనిపించింది. చెయ్యి అప్పుడే పిడి మీద వేశాడు.

"ఆపు!" అంది ఆమె. ఈసారి గొంతు వచ్చింది.

అతను తల తిప్పాడు. కానీ పిడి అప్పటికే కిందికి దిగింది. ఇనుప పలక ధన్‌మని పడింది, ఆ వెంటనే ఆమె కాళ్ల కింద మెట్టు కదిలింది.